ఆన్ కాని పాత ల్యాప్‌టాప్: ఎక్కడ ఆగిందో కనిపెట్టి, వరుసగా సరిచేసుకునే పద్ధతి

కొన్నేళ్లు వాడిన ల్యాప్‌టాప్ ఒక ఉదయం ఆన్ కాకపోతే చాలామంది దానిని నేరుగా దుకాణానికి తీసుకువెళ్తారు, లేదా వీడియో చూసి వెంటనే వెనుక మూత విప్పుతారు. ఈ రెండింటికీ ముందు ఇంట్లోనే, వరుసగా చేయవలసిన పరీక్షలు కొన్ని ఉన్నాయి. ఎనిమిది నుంచి పన్నెండేళ్ల వయసుండి, విండోస్‌తో నడుస్తూ, ర్యామ్, డిస్కు విప్పి మార్చుకోగలిగిన ల్యాప్‌టాప్‌ను దృష్టిలో పెట్టుకొని ఆ వరుసను ఇక్కడ వివరిస్తున్నాను.

మొదటి నుంచి చివరి వరకు రెండు నియమాలు పాటించండి. ఒకసారికి ఒక్క మార్పే చేసి, ఆన్ చేసి ఫలితం చూసి, ఆ తర్వాతే రెండో మార్పుకు వెళ్లాలి. డిస్కులో మీకు అవసరమైన ఫైళ్లు ఉంటే, యంత్రాన్ని బాగుచేయడం కన్నా ఆ ఫైళ్లను బయటకు తీసుకోవడమే ముందు పని.

## 1. ఏ మెట్టు దగ్గర ఆగిందో తేల్చుకోండి

పవర్ బటన్ నొక్కిన తర్వాత ల్యాప్‌టాప్ నాలుగు మెట్లు దాటుతుంది. మొదట ఛార్జర్ నుంచో బ్యాటరీ నుంచో మదర్‌బోర్డుకు (భాగాలన్నిటినీ కలిపే ప్రధాన బోర్డు) కరెంటు అందుతుంది. రెండో మెట్టులో ప్రాసెసర్, ర్యామ్, తెర సరిగా ఉన్నాయో లేదో బయాస్ (విండోస్‌కు ముందే నడిచే, బోర్డులోని చిన్న ప్రోగ్రాం) పరీక్షించుకుంటుంది. మూడో మెట్టులో అది డిస్కును వెతికి అందులోని విండోస్‌ను పిలుస్తుంది. నాలుగో మెట్టులో విండోస్ తన ఫైళ్లను, డ్రైవర్లను ఎక్కించుకొని లాగిన్ తెర చూపుతుంది.

లక్షణాన్ని బట్టి మీరు చదవవలసిన భాగం ఇది:

- దీపం వెలగదు, ఫ్యాన్ తిరగదు: 3, 4 భాగాలు.
- దీపం వెలుగుతుంది, తెర నల్లగానే ఉంటుంది: 4, 5, 6 భాగాలు.
- కంపెనీ గుర్తు కనిపించి ఆగుతుంది, లేదా డిస్కు దొరకలేదన్న సందేశం వస్తుంది: 7, 8 భాగాలు.
- విండోస్ గుర్తు దాకా వచ్చి తిరుగుతూనే ఉంటుంది, లేదా మళ్లీ మళ్లీ రీస్టార్ట్ అవుతుంది: 8, 9 భాగాలు.
- కొన్ని నిమిషాలు పనిచేసి ఆరిపోతుంది: 10వ భాగం.

బటన్ నొక్కిన వెంటనే ఒక నిమిషం పాటు చెవి దగ్గర పెట్టి వినండి. ఫ్యాన్ చప్పుడు, డిస్కు తిరిగే సన్నని శబ్దం, బీప్‌లు, క్యాప్స్ లాక్ దీపం మిణుకుమనడం, వీటిలో ఏది జరిగినా కాగితం మీద రాసుకోండి. దుకాణానికి వెళ్లవలసి వచ్చినా ఈ కాగితం పనికివస్తుంది.

## 2. సిద్ధం చేసుకోవలసినవి

- చిన్న నక్షత్రపు (ప్లస్ గుర్తు ఆకారపు) మొన స్క్రూడ్రైవర్లు రెండు. చాలా ల్యాప్‌టాప్‌లకు పీహెచ్0, పీహెచ్1 సైజులు సరిపోతాయి.
- మూత అంచులు విడదీయడానికి పాత ప్లాస్టిక్ కార్డు. ఇనుప చాకు వాడవద్దు.
- మెత్తని బ్రష్, తెల్లని పెన్సిల్ రబ్బరు, పొడి నూలుగుడ్డ.
- మల్టీమీటర్, టార్చి.
- 8 జీబీ లేదా అంతకన్నా పెద్ద పెన్‌డ్రైవ్, పనిచేసే మరో కంప్యూటర్.

ల్యాప్‌టాప్ అడుగున ఉన్న మోడల్ నంబరును ఫోనుతో ఫొటో తీసుకోండి. ఆ మోడల్ సర్వీస్ మాన్యువల్ కంపెనీ వెబ్‌సైటులో దొరికితే, ఏ స్క్రూ ఎక్కడుందో, బ్యాటరీ కనెక్టరు ఎలా ఊడుతుందో బొమ్మలతో సహా అందులో ఉంటుంది.

స్క్రూల విషయంలో అలసత్వం పనికిరాదు. ఒకే మూతకు పొడవైనవి, పొట్టివి కలిపి వాడతారు. పొట్టి స్క్రూ ఉండవలసిన చోట పొడవైనది బిగిస్తే అది మదర్‌బోర్డుకు గుచ్చుకొని, అంతవరకు లేని కొత్త లోపం తెచ్చిపెడుతుంది. కాగితంపై మూత ఆకారం గీసి, ఏ స్క్రూను తీసిన చోటే ఆ బొమ్మ మీద గుచ్చి పెట్టుకోవడం అన్నిటికన్నా సులభం.

బ్యాటరీ ఉబ్బి ఉంటే: టచ్‌ప్యాడ్ పైకి లేచినా, అడుగు మూత బల్ల మీద సమంగా ఆనకపోయినా బ్యాటరీ ఉబ్బిందని అనుమానించండి. అలాంటి దానిని నొక్కకూడదు, గుచ్చకూడదు, ఛార్జి చేయకూడదు. తీగను తీసివేసి, తెలిసిన మెకానిక్ చేత బయటకు తీయించి, ఎలక్ట్రానిక్ వ్యర్థాలు తీసుకునే చోట ఇవ్వండి. ఈ విషయంలో సొంత ప్రయత్నం వద్దు.

## 3. దీపమే వెలగకపోతే: కరెంటు వచ్చే దారి

గోడ ప్లగ్గు దగ్గర మొదలుపెట్టి లోపలికి రండి. ఎక్స్‌టెన్షన్ బోర్డు తీసేసి, ఫోను ఛార్జి అవుతున్న ప్లగ్గులోనే ల్యాప్‌టాప్ ఛార్జరును నేరుగా పెట్టండి. ఛార్జరు పెట్టెకూ గోడకూ మధ్యనుండే తీగ విడిగా ఊడివస్తుంది. అది వదులైనా, లోపల తెగినా ఛార్జరే పోయిందని పొరపడతారు. వేరే తీగ పెట్టి చూడండి.

ఛార్జరు మీద అవుట్‌పుట్ వోల్టేజీ ముద్రించి ఉంటుంది. ఆ తరం ల్యాప్‌టాప్‌లలో అది సాధారణంగా 19, 19.5 లేదా 20 వోల్టులు. మల్టీమీటరును డీసీ 20 వోల్టుల మీద కాక, దాని పై శ్రేణిలో పెట్టి పిన్ను దగ్గర కొలవండి. రీడింగు ముద్రించిన అంకెకు దగ్గరగా ఉండాలి. డెల్, హెచ్‌పీ పాత పిన్నుల మధ్యలో ఉండే సన్నని సూది కరెంటుకు కాదు, ఛార్జరును గుర్తించడానికి ఉద్దేశించినది. అక్కడ లోపలి గోడకూ బయటి గోడకూ మధ్య కొలవాలి. మీటరు మొనలు ఒకదానికొకటి తగలనివ్వవద్దు.

రీడింగు సరిగా ఉన్నా ఛార్జరు నిర్దోషి అని తేల్చలేము, ఎందుకంటే బలహీనపడిన ఛార్జరు ఖాళీగా ఉన్నప్పుడు పూర్తి వోల్టేజీ చూపి, ల్యాప్‌టాప్ కరెంటు లాగగానే పడిపోవచ్చు. అందువల్ల అదే రకం ఛార్జరును ఎవరి దగ్గరైనా అడిగి తెచ్చి పెట్టి చూడడమే అసలైన పరీక్ష. వోల్టేజీ, పిన్ను సైజు, పిన్ను లోపల ప్లస్ మైనస్‌ల అమరిక సమానంగా ఉండాలి. వాట్లు సమానంగా గాని, ఎక్కువగా గాని ఉండవచ్చు. 65 వాట్లు అడిగే యంత్రానికి 90 వాట్ల ఛార్జరు పెట్టవచ్చు, 45 వాట్లది పెట్టకూడదు.

తర్వాత ల్యాప్‌టాప్ పక్కనున్న పవర్ సాకెట్టు చూడండి. పిన్నును మెల్లగా అటూ ఇటూ కదిపినప్పుడు దీపం వెలిగి ఆరుతూ ఉంటే లోపం సాకెట్టులో ఉంది. చాలా మోడళ్లలో అది తీగతో విడిగా వచ్చే చిన్న భాగం కాబట్టి మార్చడం పెద్ద ఖర్చు కాదు. దానిని అలాగే కదుపుతూ వాడితే మాత్రం నిప్పురవ్వలు వచ్చి పక్క భాగాలు కాలుతాయి.

## 4. నిలిచిపోయిన కరెంటును ఖాళీ చేయడం

బ్యాటరీ బయటి నుంచి ఊడేదైతే దీనికి పనిముట్లు అవసరం లేదు, అయినా చాలా యంత్రాలు దీనితోనే లేస్తాయి. కరెంటు ఉన్నట్టుండి పోయి వచ్చిన తర్వాత ల్యాప్‌టాప్ మొరాయిస్తే ముందుగా చేయవలసింది ఇదే.

- ఛార్జరు తీయండి. పెన్‌డ్రైవ్, మౌస్, ప్రింటరు తీగ, మెమరీ కార్డు అన్నీ తీసేయండి.
- బ్యాటరీ బయటి నుంచి ఊడేదైతే తీసేయండి. లోపల ఉంటే మూత తీసి దాని కనెక్టరు విడదీయండి.
- పవర్ బటన్‌ను 30 సెకన్లు నొక్కి పట్టుకోండి.
- బ్యాటరీ లేకుండానే ఛార్జరు పెట్టి ఆన్ చేయండి.

లెనోవో థింక్‌ప్యాడ్‌లలో బ్యాటరీ లోపలుండే మోడళ్లు చాలావాటికి అడుగున గుండుసూది పట్టేంత రీసెట్ రంధ్రం ఉంటుంది. ఛార్జరు తీసి, అందులో పేపర్ క్లిప్పు మొనతో నొక్కి, ఒక నిమిషం ఆగి ఛార్జరు పెడితే మూత తీయకుండానే ఇదే పని జరుగుతుంది.

బ్యాటరీ లేనప్పుడు ఆన్ అయి, పెట్టగానే ఆగిపోతే దోషం బ్యాటరీదే. కొత్తది వచ్చేవరకు ఛార్జరు మీదే నడపవచ్చు, కాని కరెంటు పోతే పని పోతుందని గుర్తుంచుకోండి. ఛార్జరు మంచిదని తేలి, ఈ పని చేసిన తర్వాత కూడా ఒక్క దీపమైనా వెలగకపోతే మదర్‌బోర్డులో కరెంటు భాగం దెబ్బతిన్నట్టే భావించి 11వ భాగానికి వెళ్లండి.

## 5. దీపం ఉంది, తెర నల్లగా ఉంది

యంత్రం పనిచేస్తూ తెర మాత్రమే చూపడం లేదా, లేక యంత్రమే లేవడం లేదా? ఈ రెండింటినీ విడదీయాలి.

చీకటి గదిలో తెరకు దగ్గరగా టార్చిని ఏటవాలుగా వేసి చూడండి. అక్షరాలు, బొమ్మలు మసకగా కనిపిస్తే యంత్రం నడుస్తోంది, తెర వెనుక దీపమో దానికి వెళ్లే తీగో పోయింది. హెచ్‌డీఎంఐ లేదా వీజీఏ తీగతో టీవీకి కలిపి చూడడం రెండో పరీక్ష. టీవీలో బొమ్మ వస్తే మీ ఫైళ్లన్నీ క్షేమమే. డెల్ మోడళ్లు అనేకం డీ మీటను నొక్కిపట్టి పవర్ బటన్ నొక్కితే తెరను వరుస రంగులతో స్వయంగా పరీక్షిస్తాయి. రంగులు సరిగా వస్తే తెర మంచిది, లోపం వేరే చోట ఉంది.

యంత్రమే లేవనప్పుడు అది దీపాలతోనో బీప్‌లతోనో కారణం చెప్పడానికి ప్రయత్నిస్తుంది. హెచ్‌పీలో క్యాప్స్ లాక్ దీపం, డెల్‌లో బ్యాటరీ దీపం ఒక క్రమంలో మిణుకుమంటాయి. ఎన్నిసార్లు వెలిగి ఎంత విరామం ఇస్తున్నదో ఫోనులో వీడియో తీసి, నింపాదిగా లెక్కపెట్టి, ఆ మోడల్ మాన్యువల్‌లో అర్థం చూడండి. ఒక మోడల్ లెక్క మరొక మోడల్‌కు పనికిరాదు. నల్లతెరకు నా అనుభవంలో అన్నిటికన్నా తరచుగా కనిపించే కారణం ర్యామ్ కాబట్టి, లెక్క దొరకకపోయినా తర్వాతి భాగం తప్పక చేయండి.

## 6. ర్యామ్ తీసి శుభ్రం చేసి పెట్టడం

తేమ గాలి, దుమ్ము, చిన్న పురుగుల వల్ల ర్యామ్ అంచునున్న బంగారు రంగు గీతల మీద పొర పడుతుంది. సముద్రతీర ఊళ్లలో ఇది మరీ ఎక్కువ. ర్యామ్ పట్టీ (స్టిక్) పాడవకుండానే స్పర్శ చెడి యంత్రం లేవదు.

- ఛార్జరు తీసి, బ్యాటరీ విడదీసి, పవర్ బటన్ కొన్ని సెకన్లు నొక్కండి. బ్యాటరీ కలిసి ఉండగా ర్యామ్ ముట్టుకోవద్దు.
- ఒంటిలోని స్థిర విద్యుత్తు పోయేందుకు కిటికీ ఊచ వంటి, రంగు లేని లోహాన్ని తాకండి.
- రెండు వైపుల క్లిప్పులను బయటికి లాగండి. స్టిక్ ఏటవాలుగా లేస్తుంది, అంచులు పట్టుకొని అదే కోణంలో లాగండి.
- బంగారు గీతలను పెన్సిల్ రబ్బరుతో ఒకే దిశలో మెల్లగా రుద్ది, రబ్బరు పొట్టును స్లాట్‌కు దూరంగా బ్రష్‌తో దులపండి.
- స్లాట్‌ను పొడి బ్రష్‌తో మాత్రమే శుభ్రం చేయండి. నోటితో ఊదితే తుంపర పడుతుంది.
- మళ్లీ ఏటవాలుగా పూర్తిగా లోపలికి నెట్టి, క్లిప్పులు టక్కుమనేదాకా కిందికి వంచండి. గీతలు బయటకు ఎక్కువగా కనిపిస్తుంటే సరిగా దిగలేదు.

రెండు స్టిక్‌లుంటే ఒక్కటే పెట్టి ఆన్ చేయండి, తర్వాత రెండోది ఒక్కటే. ఆపై రెండు స్టిక్‌లనూ ఒక్కొక్కటిగా రెండో స్లాట్‌లో. ఈ నాలుగు కలయికల ఫలితాలు రాసుకుంటే చెడింది స్టిక్కో స్లాటో సందేహం లేకుండా తేలుతుంది. ర్యామ్ కదిలించిన తర్వాత మొదటిసారి తెర రావడానికి ఒకటి రెండు నిమిషాలు పట్టవచ్చు, కొన్ని యంత్రాలు తమంతట తామే రీస్టార్ట్ కూడా అవుతాయి. తొందరపడి బటన్ నొక్కి ఆపవద్దు.

కొత్త స్టిక్ కొనవలసివస్తే రకం చూసుకోండి. డీడీఆర్3 1.5 వోల్టులతో, డీడీఆర్3ఎల్ 1.35 వోల్టులతో పనిచేస్తాయి. రెండూ ఒకే స్లాట్‌లో దిగుతాయి కాని, 1.35 వోల్టులే ఇచ్చే బోర్డు మామూలు డీడీఆర్3తో లేవకపోవచ్చు. పాత స్టిక్‌ను దుకాణానికి తీసుకువెళ్లి, దాని మీద లేబుల్ చూపించి కొనడం క్షేమం.

## 7. నాణెం బ్యాటరీ, బయాస్ అమరికలు

గడియారం ఆన్ చేసిన ప్రతిసారీ పాత తేదీకి వెళ్తున్నదంటే మదర్‌బోర్డు మీది 3 వోల్టుల చిన్న నాణెం బ్యాటరీ అయిపోయింది. ఎక్కువగా సీఆర్2032 రకం వాడతారు. ల్యాప్‌టాప్‌లలో అది తరచుగా రెండు తీగల కనెక్టరుతో, పైన తొడుగుతో ఉంటుంది, కాబట్టి తీగలతో ఉన్నదే అడగండి.

ఈ బ్యాటరీకీ విండోస్ లేవకపోవడానికీ సంబంధం ఉంది. అది అయిపోతే బయాస్ అమరికలు ఫ్యాక్టరీ స్థితికి మారవచ్చు. యంత్రం లేచే పద్ధతులు రెండు: కొత్తదైన యూఈఎఫ్ఐ, పాతదైన లెగసీ. యూఈఎఫ్ఐ పద్ధతిలో వేసిన విండోస్‌కు లెగసీ పద్ధతి ఎంపికైతే డిస్కు కనబడినా బూట్ కాదు (విండోస్ లేవదు). డిస్కుతో మాట్లాడే పద్ధతిగా ఏహెచ్‌సీఐ బదులు రెయిడ్ ఎంపికైతే ఇనాక్సెసిబుల్ బూట్ డివైస్ అన్న నీలి తెర వస్తుంది. విండోస్ పాడైందని ఫార్మాట్ చేయించుకున్నవారిలో కొందరికి నిజంగా కావలసింది ఈ ఒక్క మార్పే.

బయాస్‌లోకి డెల్, ఏసర్, ఏసుస్‌లలో ఎఫ్2తో, హెచ్‌పీలో ఎఫ్10తో, థింక్‌ప్యాడ్‌లో ఎఫ్1తో వెళ్లవచ్చు. లెనోవో ఐడియాప్యాడ్‌లలో పక్కన నోవో అనే చిన్న బటన్ ఉంటుంది. ఏదైనా మార్చే ముందు ప్రతి పేజీని ఫొటో తీయండి. తేదీ సరిచేసి, పై రెండు అమరికలు మార్చి చూడండి. డిస్కు పేరు బయాస్ జాబితాలో అసలు కనిపించకపోతే డిస్కును విప్పి కనెక్టరు మళ్లీ గట్టిగా బిగించండి.

## 8. డిస్కును అనుమానిస్తే ముందు ఫైళ్లు

హార్డ్ డిస్కు టిక్ టిక్ మని లయగా కొడుతుంటే వెంటనే ఆపేయండి. లోపల చదివే తల దెబ్బతిన్న డిస్కు తిరిగే ప్రతి నిమిషం ఫైళ్లను మరింత పోగొడుతుంది. అందులోని సమాచారం విలువైనదైతే దానిని మళ్లీ ఆన్ చేయకుండా డేటా రికవరీ చేసేవారికి ఇవ్వండి.

అలాంటి చప్పుడు లేకపోతే పెన్‌డ్రైవ్ నుంచి లినక్స్ (విండోస్ బదులు వాడే ఉచిత ఆపరేటింగ్ సిస్టమ్) నడిపి ఫైళ్లు తీయవచ్చు. మరో కంప్యూటర్‌లో లినక్స్ మింట్ లేదా ఉబుంటు ఫైలును దించుకొని, రూఫస్ అనే ఉచిత సాధనంతో పెన్‌డ్రైవ్‌లోకి ఎక్కించండి. ఆ పెన్‌డ్రైవ్‌లో అంతకుముందున్నవన్నీ చెరిగిపోతాయి. దేని నుంచి లేవాలో ఎంచుకునే బూట్ మెనూ కోసం డెల్, థింక్‌ప్యాడ్‌లలో ఎఫ్12, హెచ్‌పీలో ఎఫ్9, ఏసుస్‌లో ఎస్కేప్ నొక్కండి. ఏసర్‌లో కూడా ఎఫ్12యే, కాని చాలా మోడళ్లలో ముందుగా బయాస్‌లోకి వెళ్లి ఆ మెనూను అనుమతించాలి. లినక్స్ వచ్చాక ఇన్‌స్టాల్ ఎంచుకోకుండా, ప్రయత్నించి చూసే పద్ధతిలోనే నడిపి ఫైళ్లను బయటి డిస్కుకు కాపీ చేయండి.

డాక్యుమెంట్లు, ఫొటోల ఫోల్డర్లతో ఆగిపోవద్దు:

- డెస్క్‌టాప్, డౌన్‌లోడ్స్: సర్టిఫికెట్ల స్కాన్లు, పాసుపుస్తకాల ప్రతులు ఎక్కువమంది ఇక్కడే వదిలేస్తారు.
- టాలీ వాడేవారు దాని డేటా ఫోల్డరు. అది సాధారణంగా డాక్యుమెంట్లలో ఉండదు.
- డీటీపీ పని చేసేవారు పేజ్‌మేకర్ ఫైళ్లతో పాటు అను ఫాంట్లను కూడా. యూనికోడ్ కాని ఆ ఫాంట్లు లేకపోతే కొత్త యంత్రంలో తెలుగంతా అర్థంలేని గుర్తులుగా కనిపిస్తుంది.

డిస్కుకు బిట్‌లాకర్ తాళం ఉంటే 48 అంకెల రికవరీ కీ లేకుండా తెరవలేరు. మైక్రోసాఫ్ట్ ఖాతాతో లాగిన్ అయినవారికి అది ఆ ఖాతాలోనే భద్రమై ఉండవచ్చు. ఫోను నుంచి చూసుకోండి.

ఫైళ్లు చేతికి వచ్చాకే డిస్కు పరీక్ష. హెచ్‌పీలో ఎస్కేప్ నొక్కి ఎఫ్2, డెల్‌లో ఎఫ్12 మెనూలోని డయాగ్నస్టిక్స్ దీనికి పనికివస్తాయి. బలహీనపడిన డిస్కు మీద చెక్‌డిస్క్ అనే విండోస్ మరమ్మతు సాధనం నడపడం పెద్ద పొరపాటు. అది డిస్కంతా చదివి, రాసి, ఉన్న కొద్ది ఆయుష్షునూ ఖర్చుచేస్తుంది. పరీక్షలో తప్పినదాన్ని మరమ్మతు చేయాలని చూడక, 2.5 అంగుళాల సాటా ఎస్ఎస్‌డీతో (తిరిగే భాగాలు లేని డిస్కు) మార్చండి. పాత యంత్రానికి పెట్టే ఖర్చుల్లో అన్నిటికన్నా ఫలితమిచ్చేది ఇదే.

## 9. విండోస్ దాకా వచ్చి ఆగితే

ముందుగా బయటి పరికరాలన్నీ తీసి ఆన్ చేయండి. అప్‌డేట్ మధ్యలో ఉంటే గంట వరకు వేచి ఉండండి. డిస్కు దీపం మిణుకుమంటున్నంతసేపు పని జరుగుతున్నట్టే.

అయినా రాకపోతే, విండోస్ గుర్తు కనిపించగానే పవర్ బటన్ నొక్కిపట్టి ఆపండి. ఇలా రెండుసార్లు చేస్తే మూడోసారి మరమ్మతు తెర వస్తుంది. ఫైళ్లు తీసుకున్న తర్వాతే ఇది చేయండి. ఆ తెరలో అధునాతన ఎంపికల కింద ఈ వరుసలో వెళ్లండి: స్టార్టప్ రిపేర్, అది ఫలించకపోతే చివరి అప్‌డేట్‌ను తీసివేయడం, తర్వాత సిస్టమ్ రిస్టోర్, ఆపై సేఫ్ మోడ్. సేఫ్ మోడ్‌లో లేస్తే ఇటీవల వేసిన డ్రైవర్‌నో యాంటీవైరస్‌నో తీసేయండి. రీసెట్ చివరి మెట్టు.

మళ్లీ విండోస్ వేయవలసివస్తే ఒక విషయం చూసుకోండి. విండోస్ 10కు మైక్రోసాఫ్ట్ సాధారణ మద్దతు 2025 అక్టోబరు 14తో ముగిసింది. విండోస్ 11 టీపీఎం 2.0 అనే భద్రతా చిప్‌ను, ఇంటెల్‌లోనైతే ఎనిమిదో తరం లేదా తర్వాతి ప్రాసెసర్‌ను అడుగుతుంది. ఇవి లేని యంత్రాన్ని ఇంటర్నెట్ పనులకు వాడేవారు లినక్స్ మింట్‌ను ఎంచుకోవడం మేలు.

## 10. కాసేపటికే ఆరిపోతే

బయాస్ తెరలోనే వదిలేసి గమనించండి. అక్కడ కూడా ఆరిపోతే విండోస్‌కు సంబంధం లేదు, ఎక్కువగా వేడే కారణం. మూత తీసి, ఫ్యాన్ రెక్కలను వేలితో కదలకుండా పట్టుకొని, గాలి బయటకు పోయే జల్లెడ దగ్గర పేరుకున్న దుమ్మును బ్రష్‌తో తీయండి. ఫ్యాన్ తిరగకపోతే మార్చాలి. ప్రాసెసర్ వేడిని లాగే లోహపు భాగం (హీట్‌సింక్) విప్పితే, వాటి మధ్యనుండే పాత థర్మల్ పేస్టును ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌తో తుడిచి కొత్తది తప్పక పూయాలి. పాత పేస్టు మీదే మళ్లీ బిగించవద్దు.

## 11. దుకాణానికి ఇవ్వవలసివస్తే

మదర్‌బోర్డు కరెంటు భాగం, గ్రాఫిక్స్ చిప్, నీళ్లు పడిన యంత్రం, ఈ మూడూ ఇంట్లో చేయదగినవి కావు. చిప్‌ను వేడిచేసి లేపుతామనే మరమ్మతు కొద్ది వారాలకే మళ్లీ చెడే అవకాశం ఎక్కువ కాబట్టి దానికి పెద్ద మొత్తం ఇవ్వవద్దు. సికింద్రాబాద్ చెనాయ్ ట్రేడ్ సెంటర్ వంటి చోట దుకాణాలు పక్కపక్కనే ఉంటాయి గనుక రెండు మూడు చోట్ల అంచనా అడిగి పోల్చుకోవచ్చు.

- మీరు చేసిన పరీక్షలు, వాటి ఫలితాలు రాసిన కాగితం ఇవ్వండి.
- వీలైతే డిస్కును తీసుకొని, యంత్రం మాత్రమే ఇవ్వండి. మదర్‌బోర్డు మరమ్మతుకు మీ డిస్కు అవసరం లేదు.
- ర్యామ్, బ్యాటరీ, ఛార్జరుల లేబుళ్లు, సీరియల్ నంబర్లు ఫొటో తీసుకోండి.
- చూసినందుకు ఎంత, బాగుచేసినందుకు ఎంత అన్నది విడివిడిగా అడిగి, రసీదు మీద రాయించుకోండి.
- మీ అనుమతి లేకుండా ఫార్మాట్ చేయకూడదని అదే రసీదు మీద రాయించండి.
- ఏ భాగం మార్చినా పాత భాగాన్ని తిరిగి తీసుకోండి.